రోగిశయ్య చెంత కైంకర్యము

భార్యాభర్తలు సుఖమునందు కలసి నడచుట సులభము. ఏడడుగులు నడచిన నాటి ప్రమాణమునకు నిజమైన పరీక్ష వారిలో నొకరు శయ్యపాలైన నాడు వచ్చును. రెండు దినముల జ్వరమునకు ఇంటి కషాయమే చాలును. వారములు, నెలలు ఆస్పత్రిలో నుండవలసిన మహావ్యాధి సంభవించినపుడు మాత్రము సంసారమంతయు తలక్రిందులగును.

అట్టి గృహిణి నొకతెను తలచుకొందము. ఇట్టివారు నేడు ప్రతి పట్టణమందును కలరు. భర్త ఐ.సి.యు.లో స్పృహ లేక పడియున్నాడు. వెంటిలేటరు ఆయనకు ఊపిరి నందించుచున్నది. దినమునకు రెండు పర్యాయములు, కొద్ది నిమిషములు మాత్రమే ఆమెను లోనికి పోనిత్తురు. తక్కిన కాలమంతయు ఆమె వసారాలోని బల్లపై కూర్చుండి, ఏ క్షణమున తలుపు తెరచి ఏ మందు తెమ్మందురో, ఏ కాగితముపై సంతకమడుగుదురో యని కనిపెట్టుకొని యుండును. ఇంట సాలగ్రామమూర్తికి తిరుమంజనము జరిగి నెల దాటినది. ఏకాదశులు వచ్చినవి, పోయినవి. పరామర్శకు వచ్చినవారిలో ఒకరు ‘ఏ జన్మలోని పాపమో’ యని నిట్టూర్తురు. ఇంకొకరు ‘సావిత్రి యముని గెలువలేదా? నీవును పట్టుదలతో ప్రార్థింపుము’ అందురు.

వారందరు వెడలిన పిమ్మట ఆమెను మూడు సందేహములు వేధించును. నిత్యారాధనము మానినందున తాను అపరాధినియా? తన భక్తి చాలకనే భర్త కోలుకొనుట లేదా? నోట నామము పలుకలేని ఈ స్థితిలోనే ప్రాణము పోయినచో ఆయనకు గతి యేమి?

మొదటి సందేహమును విచారింతము. జీవుడు భగవంతునకు శేషభూతుడని శ్రీవైష్ణవ సిద్ధాంతము. కనుక ఆ భర్త ఆమెకు భర్త యగుటకు ముందే శ్రీమన్నారాయణుని సొత్తు. యజమాని సొత్తును భద్రముగా కాపాడుట కైంకర్యము కాక మరేమగును? చరకసంహిత సూత్రస్థానము 9వ అధ్యాయమున చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి. అవి వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. పరిచారకునికి నాలుగు గుణములు విధింపబడినవి. ఉపచారక్రమము తెలియుట, దక్షత, రోగియందనురాగము, శౌచము. యోచించి చూచినచో గర్భాలయమున అర్చకునకు ఉండవలసిన గుణములును ఇవియే కదా! కాబట్టి ఆస్పత్రి బల్లపై కూర్చున్న ఆ యిల్లాలు ఆరాధనమునకు దూరము కాలేదు. ఆరాధనము జరుగు చోటు మాత్రమే మారినది. ఇంటి మూర్తికి తీర్థము, నైవేద్యము సమర్పించు భారమును ఆచారవంతుడైన బంధువునకు అప్పగింపవచ్చును. తాను కూర్చున్నచోటనే మనస్సుతో తులసిని సమర్పింపవచ్చును. మానసికారాధనము పెద్దలంగీకరించినదే.

శ్రీవిష్ణుసహస్రనామములలో వైద్యుడు, ఔషధము, భేషజము, భిషక్కు అనునవి భగవంతుని నామములే. వైద్యుని మాటను మన్నించుట ఆ నామములను మన్నించుటయే. గొంతులో గొట్టమున్న రోగికి, మ్రింగు శక్తి లేని రోగికి, భక్తి యను పేర తీర్థపు చుక్కనైనను నోట పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి జారి ప్రాణాపాయము కలిగింపవచ్చును. ఆ తీర్థమును కన్నుల కద్దుకొని తానే పుచ్చుకొనుట మేలు. నర్సు అనుమతి నిచ్చినచో చేయి పట్టుకొని, చెవి చెంత మెల్లగా నామము పలుకవచ్చును.

ఆ సహస్రనామములు లోకమునకు లభించినది ఒక శయ్య చెంతనే యని మరువరాదు. భీష్ముడు 58 రాత్రులు అంపశయ్యపై నుండెను. తల వ్రేలాడుచున్నది, తలగడ కావలెనని ఆయన యడుగగా రాజులు మెత్తని తలగడలు తెప్పించిరి. ఆయన వానిని నిరాకరించి అర్జునుని వంక చూచెను. అర్జునుడు ఆ శయ్యకు తగినట్లుగా బాణములు నాటి తల నిలిపెను. తనకు తోచినది తెచ్చుట సేవ కాదు. ఆ శయ్యపై నున్నవానికి ఏది తగునో కనిపెట్టుట సేవ. రోగి మాటాడలేనపుడు ఆయన నుదుటి ముడుతను, వ్రేలి కదలికను చదువగలది చిరకాలము కాపురము చేసిన భార్యయే. భార్య వ్యాధిగ్రస్తురాలైనపుడు భర్తకును ఇదియే ధర్మము.

ఇక రెండవ సందేహము. సావిత్రికథ వినువారందరు యమునితో ఆమె చేసిన సంవాదమునే తలతురు. ఆ తరువాతి ఘట్టమును తలచువారు తక్కువ. సత్యవంతుడు మేల్కొనునప్పటికి చీకటి పడినది. అతని శరీరము బలహీనముగా నున్నది. సావిత్రి అతని బరువును కొమ్మకు తగిలించి, గొడ్డలిని తాను పట్టుకొని, అతని చేతిని తన ఎడమ భుజముపై నుంచుకొని, తన కుడిచేతితో అతనిని పట్టుకొని మెల్లగా ఆశ్రమమునకు నడిపించెను. ప్రాణమును తిరిగి యిచ్చినది యముడు. చీకటిలో తోడు నడచినది సావిత్రి. ఇచ్చుట దేవుని వంతు, నడిపించుట ఆమె వంతు. మన గృహిణులనుండి కోరదగినది ఆ నడకయే గాని, యమునిపై విజయము కాదు.

సాక్షాత్తు శ్రీకృష్ణునికి మేనల్లుడైన అభిమన్యుడు పదునారేండ్ల ప్రాయమున యుద్ధభూమిలో కూలెను. సుభద్ర భక్తి కొఱవడినదని యెవరైన ననగలరా? భర్త కోలుకొన్నచో అది స్వామి కృప. కోలుకొననిచో అది భార్యయొక్క భక్తిలోపము కాదు. ఈ మాటను ఆమెకు చెప్పువారే నిజమైన బంధువులు. కర్మ విచారము చేయదలచినవారు తమ కర్మమును గూర్చి విచారించుకొనవలెను గాని, అన్యుల రోగశయ్య చెంత కాదు.

మూడవ సందేహము అన్నిటికంటె బాధాకరమైనది. దీనికి సమాధానము వరాహస్వామి భూదేవి కిచ్చిన అభయమునందు కలదు. శ్రీవైష్ణవులు దీనిని వరాహచరమశ్లోకమని నిత్యము అనుసంధించుచుందురు. వేదాంతదేశికులు దీనికి ‘రహస్యశిఖామణి’ యను గ్రంథమున వ్యాఖ్య రచించిరి. దాని భావమిది: మనస్సు, శరీరము స్వస్థముగా నున్ననాడు భగవంతుని స్మరించినవాడు, కడపట కట్టెవలె, రాతివలె పడియుండి స్మరింపలేకపోయినను, స్వామి తానే అతనిని స్మరించి పరమగతికి చేర్చును. స్పృహలేనివాడు స్మరింపడేమని స్వామి యడుగడు. ఆ స్మరణభారమును తానే వహించును. ఈ మాట పలుకబడినది కూడ ఒక భార్యాభర్తల సంభాషణమునందే. తన సంతానముపై జాలితో భూదేవి యడిగినది, స్వామి మాట యిచ్చినాడు.

కావున యంత్రముల నడుమ మాటలేక పడియున్న ఆ భర్త ఏకాకి కాడు. అతడు పెండ్లినాడు, పండుగనాడు, కొండమెట్లెక్కిననాడు పలికిన గోవిందనామములు వ్యర్థము కాలేదు. వానిని లెక్క యుంచుకొన్నవాడు మరువడు.

సేవ చేయువారు ఒక విషయము మరువరాదు. రోగి శరీరము స్వామి సొత్తైనట్లే వారి శరీరమును స్వామి సొత్తే. వేళకు అన్నము తినకుండుట, నిద్ర మానుట త్యాగము కాదు. కూలిపోయిన స్తంభము కప్పును మోయలేదు. తక్కిన బంధువులు పరామర్శల కంటె పనులు చేయవలెను. ఒకరు భోజనపు క్యారియరు తేవలెను. ఒకరు ఒక రాత్రి ఆ బల్లపై కూర్చుండి ఆమెను ఇంటికి పంపవలెను. ఒకరు ఇంట దీపము వెలిగింపవలెను. ఇవన్నియు భాగవతసేవలే.

తిరుమలలో స్వామిపుష్కరిణీ తీరమున నున్న శ్రీవరాహస్వామిని మొదట సేవించి, తరువాత శ్రీనివాసుని సేవించుట సంప్రదాయము. తొందరలో ఆ సన్నిధిని దాటిపోవు యాత్రికులు ఇకమీద ఒక్క నిమిషము అచట నిలిచి, ఆ సమయమున ఏ ఆస్పత్రి వసారాలోనో మేలుకొని కూర్చున్నవారిని తలచుకొందురుగాక! భూదేవి కిచ్చిన మాటను నిలుపుకొను ఆ స్వామి, శయ్యపై నున్నవారిని, చెంత కూర్చున్నవారిని తన కృపాకటాక్షముతో రక్షించుగాక!