తీగ చెప్పే సాక్ష్యం

హైదరాబాద్‌లో ఎర్రగడ్డ పక్కనే సనత్‌నగర్ పారిశ్రామికవాడ, అది దాటితే బాలానగర్. 1968లో మొదలైన కేంద్ర టూల్ డిజైన్ సంస్థ ఉన్నది అక్కడే. ఈ చుట్టుపక్కల షెడ్లలో నడిచే సీఎన్‌సీ మిషన్ల దగ్గర తర్కశాస్త్రపు పాత ప్రశ్న ఒకటి మళ్లీ ఎదురవుతుంది: ఎవరి మాటను ప్రమాణంగా తీసుకోవాలి? సర్వో మోటారు ఎంత తిరిగిందో దాన్ని నడిపే డ్రైవుకు తనంతట తానుగా తెలియదు. మోటారు వెనకున్న ఎన్‌కోడర్ కేబుల్ గుండా పంపే సంకేతమే దానికి ఆధారం. ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడే ఆప్తుడని తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో నిర్వచించాడు. ఆ లెక్కన డ్రైవుకు ఆప్తస్థానంలో ఉన్నది కేబులే.

జడమైన తీగకు ఆప్తత్వం ఎక్కడిదని అడగవచ్చు. నిజమే, అది తీగది కాదు, బిగించిన చేతిది. కేబుల్ షీల్డు అల్లికను కనెక్టరు పట్టీ కింద చుట్టూ పరిచి అదిమితే, పక్కనే పోయే మోటారు పవర్ లైను రొద సంకేతంలోకి అంత తేలిగ్గా చొరబడదు. అదే అల్లికను మెలిపెట్టి తోకలా ఒక మూల తగిలిస్తే చొరబడుతుంది. మూత వేశాక రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే తీగ చెప్పే సాక్ష్యం పనివాడి మాట కిందే లెక్క.

తీగ తెగలేదని మల్టీమీటరు కూసింది, ఇంకేం కావాలంటారు కొందరు. నిప్పున్న చోటల్లా పొగ ఉంటుందనుకోవడం ఎందుకు తప్పో తర్కశాస్త్రకారులైన నైయాయికులు చెప్పారు: కట్టె తడిగా ఉంటేనే పొగ, ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పుంది కానీ పొగ లేదు. ఆ తడికట్టెలాంటి చాటు షరతునే ఉపాధి అన్నారు. మీటరు కూతకూ ఒక ఉపాధి ఉంది, కేబుల్ కదలకుండా ఉండడం. కేబుల్‌ను మోస్తూ కదిలే డ్రాగ్ చైనులో వంగి వంగి రాగి పోగులు పైతొడుగు లోపలే తెగుతాయి. తిన్నగా ఉన్నప్పుడు తెగిన కొసలు తాకుతూనే ఉంటాయి, వంపులో విడిపోతాయి. మిషన్ బల్ల ఒక చోటికి వచ్చినప్పుడే అలారం మోగి, తర్వాత మాయమయ్యేది అందుకే.

దోషం బయటపడేదాకా జ్ఞానాన్ని నమ్మాల్సిందేనని, ప్రతిదాన్నీ పరీక్షిస్తే ఆ పరీక్షకూ పరీక్ష కావాలని మీమాంసకులు అంటారు. గట్టి వాదమే, డ్రైవు నడిచే తీరూ అదే. కానీ వంపు రాగిని తినేస్తుందని మనకు ముందే తెలుసు. దోషకారణం తెలిసి కూడా నమ్మి ఊరుకోవడం మీమాంస కాదు, అలసత్వం. కేబుల్ మార్చాక యాక్సిస్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు పదే పదే నడిపించి సంకేతం చూడండి. బాగుందని సంతకం ఆ తర్వాతే పెట్టండి.