విన్నవాడి సాక్ష్యం

రేడియో తరంగాలను ఎవరు కనిపెట్టారంటే హైన్రిష్ హెర్ట్జ్ అని చెప్పేస్తాం. జవాబు సరైనదే. కానీ హెర్ట్జ్ కంటే ఏడెనిమిదేళ్ల ముందే ఒకాయన లండన్ వీధిలో నడుస్తూ వాటి ఆనవాలు చెవితో విన్నాడు. విని, లోకానికి చెప్పకుండా ఊరుకున్నాడు. ఘనత ఎవరికి దక్కాలన్న తగువు అలా ఉంచుదాం. తనకే పూర్తిగా అర్థంకానిది కంటబడినప్పుడు మనిషికి ఉండే బాధ్యత ఏమిటి?

ఆయన పేరు డేవిడ్ ఎడ్వర్డ్ హ్యూస్. సంగీతం పాఠాలు చెప్పినవాడు, అక్షరాలు అచ్చేసే టెలిగ్రాఫ్ యంత్రంతో పేరు తెచ్చుకున్నవాడు. ఒక పరికరంలో నిప్పురవ్వ ఎగిరినప్పుడల్లా, దానికి ఏ తీగా కలపని టెలిఫోన్ రిసీవర్‌లో చిటుకుమని శబ్దం రావడం 1879లో గమనించాడు. రవ్వల పరికరాన్ని ఇంట్లో పెట్టి, రిసీవర్ చెవికి ఆనించుకుని గ్రేట్ పోర్ట్‌లాండ్ స్ట్రీట్‌లో నడిచాడు. దాదాపు 60 గజాల దాకా శబ్దం కాస్త పెరిగింది, తర్వాత తగ్గుతూ 500 గజాల దగ్గర పోయింది. మధ్యలో ఒక వింత: కొన్ని ఇళ్ల ముందు బాగా వినిపించేది, కొన్నింటి ముందు దాదాపు ఏమీ లేదు.

1880 ఫిబ్రవరిలో రాయల్ సొసైటీ అధ్యక్షుడు స్పాటిస్‌వుడ్, కార్యదర్శులు హక్స్‌లీ, స్టోక్స్ వచ్చి చూశారు. ముందు ముచ్చటపడ్డారు. చివరికి స్టోక్స్, ఇదంతా మనకి తెలిసిన విద్యుత్ ప్రేరణే, కొత్తేమీ లేదని తేల్చేశాడు. విద్యుదయస్కాంత తరంగాలు ఉండాలని చెప్పిన మాక్స్‌వెల్ వ్యాసం 1865లో ఆ సొసైటీ పత్రికలోనే అచ్చయింది. అప్పుడూ కార్యదర్శి స్టోక్సే.

స్టోక్స్‌ని తిట్టడం తేలిక. నిజానికి తెలిసిన కారణం సరిపోతున్నప్పుడు కొత్తది వెతక్కపోవడం మంచి అలవాటే. సాఫ్ట్‌వేర్ పనిలో మేం రోజూ చేసేది అదే: ఏదైనా వింతగా కనిపిస్తే ముందు నెట్‌వర్క్‌ని అనుమానిస్తాం, చాలాసార్లు అదే అవుతుంది. కానీ "ఇది నెట్‌వర్క్ కావచ్చు" అనడానికీ, "నెట్‌వర్కే" అని టికెట్ మూసేయడానికీ మధ్య ఒక పరీక్ష జరగాలి. స్టోక్స్ ఆ పరీక్ష లేకుండానే మూసేశాడు. అంత పెద్దమనిషి మూసిన తలుపు తీయడం ఎదుటివాడికి మామూలు పని కాదు.

హ్యూస్ ఇంకా గట్టి రుజువు దొరికాకే రాస్తానని ఆగిపోయాడు. వినయంలాగే ఉంది. అయితే స్టోక్స్‌కి జవాబు ఆయన చేతిలోనే ఉంది. మామూలు ప్రేరణ అయితే దూరం పెరిగేకొద్దీ తగ్గిపోవాలి. ఇంటింటికీ ఎందుకు హెచ్చుతగ్గులవుతుంది? 1888లో హెర్ట్జ్ కార్ల్స్‌రూహేలో గోడకి జింకు రేకు బిగించి, తరంగాలు దానికి తగిలి వెనక్కి వచ్చేలా చేసి, తీగ చుట్టతో గదంతా వెతికాడు. ఒకచోట రవ్వ, ఇంకోచోట ఏమీ లేదు. ఆ దూరాలు కొలిచి తరంగదైర్ఘ్యం లెక్కగట్టాడు. హ్యూస్‌కి వీధిలో అనుకోకుండా ఎదురైనదాన్ని హెర్ట్జ్ గదిలో కావాలని పుట్టించాడు.

ఎడిసన్ దీనికి పూర్తి వ్యతిరేకం. 1875లో అలాంటి రవ్వలే చూసి, "ఈథరిక్ ఫోర్స్" అనే కొత్త శక్తి దొరికిందని వెంటనే ప్రకటించేశాడు. మిగతావాళ్లు కాదన్నారు, ఆయన వేరే పనుల్లో పడ్డాడు. ఒకరు తొందరపడ్డారు, ఒకరు నోరు మెదపలేదు. నాకు మాత్రం ఇద్దరిదీ ఒకటే పొరపాటు అనిపిస్తుంది: చూసినదాన్నీ దాని వివరణనీ ముడేసేశారు. వివరణ ఉందనుకున్నాడు కాబట్టి ఎడిసన్ చాటాడు, లేదు కాబట్టి హ్యూస్ దాచాడు.

సాక్షిని మనం తీర్పు అడగం. "ఈ ఇంటి ముందు వినిపించింది, ఆ ఇంటి ముందు వినిపించలేదు, ఎందుకో తెలీదు" అని హ్యూస్ రెండు పేజీలు అచ్చేసి ఉంటే, మాక్స్‌వెల్‌ని చదివినవాడెవడైనా ఆ వాక్యం దగ్గర ఆగి ఉండేవాడేమో. అర్థం కావడం మన చేతుల్లో లేకపోవచ్చు; ఉన్నదున్నట్టు చెప్పడం ఉంది.

తెలుగులో కనిపెట్టడం అంటే కొత్తది కనుక్కోవడం. కనిపెట్టుకుని ఉండటం అంటే పక్కనే ఉండి చూసుకోవడం. హ్యూస్ మొదటిది చేశాడు. ఒక చరిత్రకారుడు అడిగితే 1899లో గానీ ఆయన జరిగిందంతా రాసి పంపలేదు. ఆ ఇళ్ల ముందరి రహస్యం హెర్ట్జ్ వల్లే తనకి తెలిసిందని అందులో ఒప్పుకున్నాడు. మరుసటి ఏడాది జనవరిలో పోయాడు.