పాత మేడలకు కొత్త అద్దెలు - విశ్వాసి బాధ్యత

సర్వలోకాల ప్రభువైన అల్లాహ్ కే సకల స్తోత్రాలు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పై, ఆయన కుటుంబంపై, సహచరులపై అల్లాహ్ శాంతి శుభాలు వర్షించుగాక!



ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పాత బజార్లలో నడిచేవారికి ఈ దృశ్యం కొత్త కాదు. కింద నాపరాయి బండలు, పైన టేకు దూలాలు, వీధి వైపు అరుగులు, తలుపుకు తుప్పు పట్టిన తాళం. తాత కట్టాడు. తండ్రి అందులో వ్యాపారం చేశాడు. మనవళ్ళు బెంగుళూరులోనో, హైదరాబాదులోనో, కువైట్‌లోనో ఉన్నారు. ఇల్లు మాత్రం ఏళ్ళ తరబడి ఖాళీ. ఒకనాడు ఒకాయన వచ్చి బారుకు కావాలంటాడు. బట్టల వ్యాపారి ఇవ్వలేనంత అద్దె ఇస్తానంటాడు. మరమ్మతులన్నీ తన ఖర్చేనంటాడు. అడ్వాన్సు కూడా వెంట తెచ్చుకుంటాడు.

ఇవ్వవచ్చా? ఈ ప్రశ్న పలు రూపాల్లో మా ముందుకు వస్తోంది. అడిగేవారిలో నమాజు, రోజా పాటించేవారే ఎక్కువ. మద్యం చుక్క ముట్టని కుటుంబాలే. కాబట్టి దీనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పి ఊరుకోకుండా, కాస్త వివరంగా తెలుసుకుందాం.

మన రాష్ట్రంలో 2019 అక్టోబరు నుంచి ప్రభుత్వమే మద్యం దుకాణాలు నడిపింది. 2024 అక్టోబరు 16 నుంచి 3,396 దుకాణాలు లాటరీ పద్ధతిలో ప్రైవేటు వ్యక్తుల చేతికి వెళ్ళాయి. విధానం ఏదైనా దుకాణానికి నాలుగు గోడలు కావాలి. ఆ గోడలు ఎవరో ఒక యజమానివే. ఇక పెద్ద నగరాల్లో మరో పోకడ బయలుదేరింది. అక్కడికక్కడే బీరు కాచి పోసే మైక్రో బ్రూవరీలకు తెలంగాణ ప్రభుత్వం 2015లో నియమావళి తెచ్చింది. బెంగుళూరులో అవి అప్పటికే ఉన్నాయి. మన జిల్లా యువకులు చదువుకూ, ఉద్యోగానికీ వెళ్ళేది ఆ నగరాలకే. అక్కడ చూసింది ఇక్కడికి రావడానికి ఎంతో కాలం పట్టదు.

దీనికి ఒక అందమైన పేరు కూడా పెట్టారు: పాత కట్టడానికి పునర్జీవం. అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరంలో 1902లో కట్టిన ఒక చర్చి 1993లో మూతపడింది. 1996లో అదే భవనంలో బీరు కాచి అమ్మే హోటలు తెరిచారు. ఒకప్పుడు పాదిరీ నిలబడి ప్రార్థన చేయించిన వేదిక మీద ఇప్పుడు బీరు కాచే పెద్ద పెద్ద పాత్రలు నిలబడి ఉన్నాయి. గోడలు బాగుపడ్డాయి, నిజమే. రంగుటద్దాలు మెరుస్తున్నాయి, అదీ నిజమే. కానీ ఆ కట్టడం ఏ ఉద్దేశంతో లేచిందో ఆ ఉద్దేశం ఏమైంది? ఆలోచించవలసింది ఇదే.

బీరు మద్యం కాదా?

కొందరు యువకులు, "అది బార్లీ నీళ్ళే కదా, సారా కాదు కదా" అంటున్నారు. బీరు తయారీ ఏమిటో చూడండి. బార్లీ గింజల్ని నానబెట్టి మొలకెత్తించి ఎండబెడతారు. వేడి నీళ్ళలో కలిపి అందులోని తీపిని దింపుతారు. హాప్స్ అనే మొక్క పూలు వేసి మరిగించి, చల్లార్చి ఈస్టు కలుపుతారు. ఈస్టు ఆ తీపిని తిని ఆల్కహాలుగా మారుస్తుంది. అంటే గింజగా ఉన్నప్పుడు హలాల్ అయిన ఆహారం, పులిశాక మత్తుగా మారిపోయింది.

ఈ ప్రశ్న పద్నాలుగు వందల ఏళ్ళ క్రితమే దైవప్రవక్త (స) ముందుకు వచ్చింది. హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) యమన్ దేశస్థులు. తమ ప్రాంతంలో తేనెతో చేసే 'బిత్అ', బార్లీతో చేసే 'మిజ్ర్' అనే పానీయాల గురించి ఆయన అడిగారు. మత్తు కలిగించే ప్రతిదీ హరామ్ అని ఆయన (స) తేల్చి చెప్పారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. హజ్రత్ ఉమర్ (రజి) మింబర్ పై నుంచి ఇచ్చిన ప్రసంగంలో ద్రాక్ష, ఖర్జూరం, తేనె, గోధుమ, బార్లీ అనే అయిదింటినీ పేరుపేరునా పేర్కొని, బుద్ధిని కప్పివేసేదంతా మద్యమేనని వివరించారు. కనుక బీరుకు వేరే తీర్పు వెతకడం వృథా ప్రయాస. మన హనఫీ ఫిఖ్‌లో కూడా ఫత్వా ఇమామ్ ముహమ్మద్ (రహ్మ) అభిప్రాయం మీదే ఉంది. కొంచెమైనా, ఎక్కువైనా అది నిషిద్ధమే.

"మేము తాగం, అమ్మం, గోడలే ఇస్తున్నాం"

చాలామంది యజమానుల వాదన ఇది. సూరా మాయిదా 2వ ఆయతులో అల్లాహ్ పుణ్యకార్యాల్లో, దైవభీతిలో పరస్పరం సహకరించుకోమన్నాడు. పాపంలో, దౌర్జన్యంలో సహకరించవద్దని ఆదేశించాడు. అదే సూరా 90, 91 ఆయతులలో మద్యాన్ని షైతాను చేష్టల్లోని మాలిన్యంగా పేర్కొన్నాడు. దాని ద్వారా షైతాను మన మధ్య వైరం పెట్టాలని, దైవస్మరణ నుంచి, నమాజు నుంచి ఆపాలని చూస్తున్నాడని హెచ్చరించాడు.

మద్యం విషయంలో దైవప్రవక్త (స) తాగేవాడి దగ్గరే ఆగలేదు. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనం ప్రకారం పదిమంది శాపానికి గురయ్యారు. పిండేవాడు, పిండించుకునేవాడు, తాగేవాడు, మోసేవాడు, ఎవరి కోసం మోసుకుపోతారో అతడు, పోసేవాడు, అమ్మేవాడు, దాని ధర తినేవాడు, కొనేవాడు, ఎవరి కోసం కొంటారో అతడు. ఈ పదిమందిలో తొమ్మిదిమంది ఒక్క గుటక కూడా మింగకపోయి ఉండవచ్చు. అయినా గొలుసులో వారు కొక్కేలయ్యారు.

ఇక్కడ చదువుకున్న మిత్రులు ఒక మాట అడుగుతారు. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) ఇలాంటి అద్దెను అనుమతించారని 'హిదాయా'లో ఉంది కదా అని. ఉంది, నిజమే. అయితే ఆ మాటను పూర్తిగా చదవాలి. అది ఇరాక్‌లోని కూఫా చుట్టుపక్కల పల్లెల గురించిన మాట. అక్కడి నివాసుల్లో అధికులు ముస్లిమేతరులు. అద్దె అనేది ఇంట్లో నివసించే సౌకర్యానికి ఇచ్చే ప్రతిఫలమని, ఆ తర్వాత జరిగే పాపం అద్దెదారు తన ఇష్టంతో చేసే పని అని ఇమామ్ సాహెబ్ దృష్టి. ఆయన శిష్యులు ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ (రహ్మ) ఇద్దరూ దీన్ని ఒప్పుకోలేదు. అది పాపానికి సాయపడటమే అవుతుందన్నారు. ఇస్లాం చిహ్నాలు కానవచ్చే పట్టణాల్లో, పల్లెల్లో ఆ అనుమతి వర్తించదని తరువాతి ఉలమా కూడా స్పష్టం చేశారు.

పైగా మన ముందున్న విషయం వేరు. ఉన్న ఇంటిని ఉన్నట్టు ఇవ్వడం కాదు. బీరు కాచేందుకని అగ్రిమెంటులోనే రాసుకుంటున్నారు. పెద్ద పాత్రలు పట్టేలా గోడలు కొట్టడానికి, కాలువలు తవ్వడానికి యజమాని సంతకం పెడుతున్నాడు. కొన్నిచోట్ల నెల అద్దెకు బదులు అమ్మకాల్లో శాతం మాట్లాడుకుంటారు. అలా మాట్లాడుకున్నవాడు గోడలకు అద్దె తీసుకోవడం లేదు, నేరుగా మద్యం ధరలోనే వాటా తింటున్నాడు. ఎన్ని గ్లాసులు ఎక్కువ ఖాళీ అయితే అతనికి అంత లాభం. అలాంటివాడు ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) పేరు చెప్పుకుని తప్పించుకోగలడా?

"మేం ఇవ్వకపోతే పక్కవాడు ఇస్తాడు" అనే వాదన కూడా ఉంది. ఇవ్వనివ్వండి. రేపు ప్రళయదినాన పక్కవాడి లెక్క పక్కవాడిది, మన లెక్క మనది. సంపద గురించి రెండు ప్రశ్నలు పడతాయని హదీసులో ఉంది: ఎలా సంపాదించావు, దేనికి ఖర్చు చేశావు?

ఇంట్లో అనాథలుంటే?

కొన్ని కుటుంబాల పరిస్థితి నిజంగానే కష్టంగా ఉంటుంది. ఇంటి పెద్ద చనిపోయాడు. భార్య, చిన్న పిల్లలు మిగిలారు. ఆ పాత మేడ తప్ప మరో ఆధారం లేదు. ఇలాంటివారికి నీతులు చెప్పడం తేలిక. కాబట్టి సహాబా జీవితం వైపే చూద్దాం.

మద్య నిషేధ ఆదేశం వచ్చిన రోజున హజ్రత్ అబూ తల్హా (రజి) ఇంట్లో విందు జరుగుతోంది. పోస్తున్నది హజ్రత్ అనస్ (రజి). వీధిలో ప్రకటన వినిపించింది. సంగతి తెలిసిన వెంటనే ఉన్నదంతా పారబోయమన్నారు అబూ తల్హా (రజి). మదీనా వీధుల్లో మద్యం పారింది. కొన్న సరుకు నష్టపోతుందే అని ఎవరూ లెక్క వేయలేదు. ఆ అబూ తల్హా (రజి) యే దైవప్రవక్త (స) ను మరో ప్రశ్న అడిగారు. కొందరు అనాథలకు వారసత్వంగా మద్యం వచ్చింది, ఏం చేయాలి? పారబోయమనే జవాబు వచ్చింది. అనాథల సొమ్ము విషయంలో ఇస్లాం ఎంత కఠినంగా ఉంటుందో మనకు తెలుసు. అన్యాయంగా దాన్ని తినేవారు కడుపులో నిప్పు నింపుకుంటున్నారని ఖుర్ఆన్ హెచ్చరించింది. అంతటి అనాథల కోసం కూడా హరామ్‌కు తలుపు తెరుచుకోలేదు.

అయితే ఈ హదీసు ఆ వితంతువుకు మాత్రమే కాదు, మనకూ పాఠం. ఆమె బారు వద్దని తలుపు మూసినప్పుడు మహల్లాలో స్థోమత గలవారు మరో తలుపు తెరవాలి. హలాల్ వ్యాపారం చేసే అద్దెదారును వెతికిపెట్టాలి. మరమ్మతుకు వడ్డీ లేని అప్పు ఇవ్వాలి. జకాత్‌కు అర్హురాలైతే గౌరవం చెడకుండా అందించాలి. ఇవేవీ చేయకుండా ఫత్వా మాత్రం చెప్పి పోయేవారు తమ బాధ్యత తీరిందనుకోరాదు.

తాళం ఎందుకు పడింది?

ఈ మేడలు ఖాళీగా ఎందుకున్నాయో కూడా చూడాలి. కిరాయిదారులు దొరక్క కాదు. చాలా చోట్ల వాటాలు తేలక! తండ్రి పోయి ఇరవై ఏళ్ళయినా పంపకం జరగదు. అన్నదమ్ములు మాట్లాడుకోరు. అక్కచెల్లెళ్ళను అసలు లెక్కలోకే తీసుకోరు. సూరా నిసా 11వ ఆయతులో కూతురి వాటాను అల్లాహ్ స్వయంగా నిర్ణయించాడు. పెళ్ళిలో ఇచ్చాం కదా అని దాన్ని రద్దు చేసే అధికారం ఏ అన్నకూ లేదు.

పంపకం జరగని ఇంటిని ఒక అన్న బారుకు ఇచ్చాడనుకోండి. అక్కడ రెండు తప్పులు ఒకదానిపై ఒకటి పడ్డాయి. హరామ్ సంపాదన ఒకటి, ఇతరుల హక్కు కాజేయడం మరొకటి. తన అనుమతి లేకుండా తన ఇంట్లో మద్యం పారుతోందని ఏ ఊరిలోనో ఉన్న చెల్లెలికి తెలియకపోవచ్చు. అల్లాహ్ కు తెలుసు. కాబట్టి తాళం తీయాలంటే ముందు షరీఅతు ప్రకారం వాటాలు తేల్చండి. పరిష్కారం అక్కడే మొదలవుతుంది.

ఆచరణలో ఏం చేయాలి?

మొదటిది, అద్దె అగ్రిమెంటులో ఏ వ్యాపారానికి ఇస్తున్నారో స్పష్టంగా రాయండి. మద్యం, జూదం, పందాలకు వాడరాదని, మరొకరికి ఉపఅద్దెకు ఇవ్వరాదని షరతు పెట్టండి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం కూడా ఏ పని కోసం అద్దెకు తీసుకున్నారో దానికి భిన్నంగా కిరాయిదారు వాడుకోరాదు. రాతలో ఉంటే రేపు నిలదీయగలరు.

రెండవది, ఇప్పటికే ఇచ్చి ఉన్నవారు తౌబా చేసుకోవాలి. ఒప్పందం ముగిసే గడువున పొడిగించరాదు. వీలైతే అంతకంటే ముందే సామరస్యంగా ఖాళీ చేయించాలి. చేతికి వచ్చిన ఆ సొమ్మును పుణ్యం ఆశించకుండా నిరుపేదలకు ఇచ్చివేయాలి. దాంతో హజ్ చేయడం, మసీదుకు చందా ఇవ్వడం లాంటి ఆలోచన పెట్టుకోరాదు.

మూడవది, మసీదులకు, దర్గాలకు చెందిన వక్ఫ్ దుకాణాల ముతవల్లీలు మరింత జాగ్రత్తగా ఉండాలి. అది వారి సొంత ఆస్తి కాదు, అల్లాహ్ పేరిట వదిలిన అమానతు.

నాలుగవది, కువైట్‌లో చెమటోడ్చి డబ్బు పంపే సోదరులారా! మద్యం అమ్మకం నిషేధించిన దేశంలో సంపాదించిన హలాల్ సొమ్ముతో కట్టిన ఇంట్లో ఎవరు ఏం నడుపుతున్నారో అడిగి తెలుసుకోండి.

పాత మేడకు మంచి ఉపయోగాలు కరువా? బంగారం, బట్టల వ్యాపారానికి పేరున్న ప్రొద్దుటూరులో కంసాలి పనివారికి, దర్జీలకు, గోదాములకు చోటు కావాలి. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చే ఆడపిల్లలకు హాస్టలు కావాలి. చిన్న ఆసుపత్రి, గ్రంథాలయం, ట్యూషన్ కేంద్రం కావాలి. అద్దె తగ్గవచ్చు. కానీ ఆ ఇంటి ముందు నుంచి పోయే ఆడవాళ్ళు, బడిపిల్లలు భయం లేకుండా నడుస్తారు. ఎవరి కీడు నుంచి పొరుగువారికి భద్రత ఉండదో అతడు విశ్వాసి కాడని దైవప్రవక్త (స) మూడుసార్లు ఒట్టేసి మరీ చెప్పిన సంగతి మరువరాదు.

చట్టం అనుమతించింది కదా అని కూడా కొందరంటారు. 1992లో మన పొరుగున ఉన్న నెల్లూరు జిల్లా దూబగుంటలో పేద స్త్రీలు సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో అది సడలిపోయింది. మనుషుల చట్టం వస్తుంది, పోతుంది. అల్లాహ్ చట్టం అలా కాదు. ఆ స్త్రీల బాధ మాత్రం మతాలకు అతీతమైనది. తాగి ఇంటికొచ్చే భర్త ఏ మతం వాడైనా ఆ ఇంట్లో పిల్లలు పస్తులుంటారు. మనం అద్దెగా పుచ్చుకునే నోట్లలో ఆ పిల్లల అన్నం ఉంది.

జమ్మలమడుగు దగ్గరి గండికోటకు వెళ్ళి చూడండి. కట్టించినవారు లేరు, ఏలినవారు లేరు. జామియా మసీదు నిలబడి ఉంది, పక్కనే ధాన్యాగారం నిలబడి ఉంది. ఒకటి సజ్దా కోసం కట్టింది, మరొకటి ఆకలి కోసం కట్టింది. చూసినవారు ఈనాటికీ కట్టించినవారిని మంచిగానే తలచుకుంటారు. మనిషి మరణించాక అతని కర్మలు ఆగిపోతాయి గానీ, కొనసాగే దానం పుణ్యం ఆగదు. అలాగే చెడ్డ ఆనవాయితీ ప్రారంభించినవాడికి ఆ తర్వాత దాన్ని అనుసరించేవారి పాపంలోనూ భాగం ఉంటుంది. మన తాతల మేడ వారి సమాధికి వెలుగు పంపాలా, చీకటి పంపాలా? ఆ తాళంచెవి ఇప్పుడు మన చేతిలో ఉంది.

అల్లాహ్ కు భయపడినవారికి ఆయన మార్గం చూపుతాడు, ఊహించని చోటు నుంచి ఉపాధి ఇస్తాడు. ఇది సూరా తలాఖ్‌లో ఆయన చేసిన వాగ్దానం. ఆ వాగ్దానాన్ని నమ్మి హరామ్ అడ్వాన్సును తిప్పి పంపే ధైర్యాన్ని, తోబుట్టువుల హక్కు చెల్లించే మనసును, కష్టంలో ఉన్నవారికి ఆసరాగా నిలిచే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.