బిడ్డ తరపున సంతకం

మన కోసం మనం చేసే సంతకం సులభం. మంచైనా చెడైనా అనుభవించేది మనమే. ఇంకొకరి ఒంటి మీద కత్తి పెట్టడానికి చేసే సంతకం వేరు. ఆ ఇంకొకరు పుట్టి ఒక పూటైనా కాని పసికందయితే?

2022లో హొసకోటెలో మా అమ్మాయి ప్రసవించింది. బిడ్డను తుడుస్తున్న నర్సమ్మ, ఒకవైపు బీజం వాచి నల్లబడి ఉందని చూపించింది. "వరిబీజమేమో, తగ్గిపోతుందిలెండి" అంది మా ఇంటావిడ. డాక్టరు టార్చి వేసి చూశాడు. నీరైతే వెలుతురు అవతలికి కనబడుతుంది. కనబడలేదు. తాకితే రాయిలా గట్టిగా ఉంది. వింతేమంటే, బిడ్డ ఏడవలేదు.

పాత మద్రాసు రోడ్డు మీద బెంగుళూరికి పరుగెత్తాం. స్కాను తీసి, బీజం మెలి తిరిగి రక్తం అందడం లేదన్నారు. పెద్ద పిల్లల్లో ఇలా జరిగితే భరించలేని నొప్పి వస్తుంది. ఆరు గంటల లోపల విప్పితే చాలావరకు దక్కుతుంది. పసిబిడ్డల్లో బీజం పైపొర ఇంకా సంచికి అతుక్కోదు, పొరతో సహా తిరిగిపోతుంది. ఎక్కువ మందికి ఇది తల్లి కడుపులోనే జరిగిపోతుందట. అలాంటివాళ్లకు పుట్టేనాటికే నొప్పి అణగి ఉంటుంది, బీజం దక్కడం అరుదు.

1897లోనే టేలర్ అనే వైద్యుడు దీన్ని గురించి రాశాడు. అయినా ఏం చేయాలన్న దాని మీద వైద్యులకు ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. మా ముందే ఇద్దరు రెండు మాటలు చెప్పారు. "పోయింది రాదు. ఇంత పసివాడికి మత్తిస్తే ఊపిరికి ప్రమాదం. కొన్నాళ్లు ఆగుదాం" అన్నారు పెద్దాయన. "ఈరోజే తెరుద్దాం. అరుదుగా రెండోది కూడా పైకి తెలియకుండా తిరుగుతుంది. దాన్ని కుట్టి నిలబెడదాం" అన్నాడు చిన్నాయన. ఒకటున్నా మగతనానికీ సంతానానికీ సాధారణంగా లోటుండదు. రెండూ పోతే బతుకంతా హార్మోను మందులే.

"మామా, మీరేమంటారు?" అన్నాడు అల్లుడు, కాగితం చేతబట్టుకొని.

"అరుదు" అన్న మాట మొదట నాకు ఓదార్పుగానే తోచింది. తర్వాత అనిపించింది: ఏది ఎంత అరుదు అన్నది ఒక లెక్క, ఏ తప్పును దిద్దుకోగలం అన్నది ఇంకొక లెక్క. రెండోది పోతే దిద్దుకోలేం. అయితే మత్తులో ఊపిరి ఆగినా దిద్దుకోలేం. అందుకే ధైర్యం కాదు, ప్రశ్న కావాలి. పసిపిల్లలకు మత్తివ్వడంలో ఆరితేరిన డాక్టరు ఉన్నారా అని అడిగాం. ఉన్నారన్నారు. లేరని ఉంటే ఆగడమే న్యాయమయ్యేది. ఇలా అడగడం మర్యాద తప్పడం కాదు. లాభనష్టాలు, వేరే మార్గాలు, వద్దంటే ఏమవుతుంది అన్నవి చెప్పాకే సమ్మతి తీసుకోవాలని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టే చెప్పింది.

ఏడవని బిడ్డకు నొప్పి లేదనుకోవడం మనకు పాత అలవాటు. 1980ల దాకా చాలాచోట్ల పసికందులకు తగినంత మత్తివ్వకుండానే కోసేవారు. భారతదేశంలో పుట్టిన డాక్టర్ ఆనంద్, సహచరులతో కలిసి 1987లో ఆ నమ్మకం తప్పని చూపించాడు. నోరులేనివాడి తరపున మాట్లాడేవాడు ముందు తన నమ్మకాలను అనుమానించాలి.

అల్లుడు సంతకం చేశాడు. ఒకటి చచ్చిపోయి ఉంది, తీసేశారు. రెండోది కుట్టారు. మరునాడు వాడు పాలు తాగాడు.

"ఎవరికీ చెప్పొద్దండి, రేపు పిల్లనిచ్చేదెవరు?" అంది మా ఇంటావిడ. ఊరికి చెప్పనక్కరలేదు. కానీ వాడికి? అది వాడి ఒళ్లు. ఆటల్లో జాగ్రత్తపడాలన్నా, నొప్పి వస్తే సిగ్గుపడక పరుగెత్తాలన్నా వాడికి తెలియాలి. మనం చేసిన సంతకానికి వాడికి సంజాయిషీ బాకీ ఉన్నాం. ఆసుపత్రి కాగితాలను జనన పత్రంతో కలిపి ఇనుప పెట్టెలో పెట్టాను. వాడు అడిగే వయసుకు నేనుంటానో లేదో. అందుకే పైన ఒక చీటీ రాసి పెట్టాను, మేమెందుకు సరేనన్నామో.