చదివింపుల పుస్తకం ముందు కూర్చున్నట్టు

ఏం నాన్నా, బెళగావిలో ఎయిర్‌ఫోర్స్ ట్రైనింగ్ ముగించుకుని యూనిట్‌కి వెళ్తున్నావట, మీ అమ్మ చెప్పింది. కూర్చో, రైలు రాత్రికి కదా. ఈ బాబాయ్ ఎయిర్‌ఫోర్స్‌లో ఇరవై ఏళ్లు స్టోర్స్ లెక్కలతోనే బతికాడు. కాస్త నస పెడతాడు, భరించు.

విమానం మీద పని చేయబోతున్నానని సంబరపడుతున్నావు. పడు, ఎవరొద్దన్నారు? కానీ ఆ పనిలో సగం స్పానర్‌తో, సగం పెన్నుతో. ఆ రెండో సగం దగ్గరికొచ్చేసరికి మీ వయసు పిల్లలకి ఎక్కడలేని తొందర. "తర్వాత రాస్తాలే" అంటారు. ఆ "తర్వాత" గురించే నా బాధంతా.

మన పెళ్లిళ్లలో చూడు. చదివింపులు రాసే పెద్దమనిషి పుస్తకం ముందేసుకుని కదలకుండా కూర్చుంటాడు. ఎవరెంత చదివించారో అప్పటికప్పుడే రాస్తాడు. భోంచేసొచ్చి గుర్తున్నంతవరకూ రాస్తానంటే ఊరుకుంటామా? ఒక్క పేరు తప్పితే చాలు, పదేళ్లు ఆ ఇంటివాళ్లు మూతి ముడుచుకుంటారు. అక్కడ పోయింది నూట పదహార్లే.

అలాగే ప్రతి విమానానికీ ఫారం 700 అని ఒక పుస్తకం ఉంటుందని నీకు చెప్పే ఉంటారు. ఎయిర్‌ఫ్రేమ్ చూసేవాడు, ఇంజిన్ చూసేవాడు, ఎలక్ట్రికల్ వాడు, ఆయుధాలవాడు, ఎవరి పని వాళ్లు చేసి అందులో సంతకం పెడతారు. పైలట్ వస్తాడు, చదువుతాడు, తనూ సంతకం పెడతాడు. విమానం చుట్టూ ఒకసారి తిరిగి చూస్తాడు కానీ లోపలివన్నీ విప్పి చూడలేడు కదా. నీ ముఖం కూడా అతనికి తెలియకపోవచ్చు. నీ చేతిరాతని నమ్మి ఎక్కి కూర్చుంటాడు.

తొందర ఎక్కడ ముంచుతుందో చెప్తా విను. ఒక విమానం పార్టు లేక నేల మీద ఉండిపోతుంది. స్టోర్లో లేదు, డిపో నుంచి రావాలి. పక్కనే ఇంకోటి పెద్ద మరమ్మతుకి ఆగి ఉంటుంది. దాంట్లోంచి ఆ పార్టు విప్పి దీనికి బిగిస్తారు. క్యానిబలైజేషన్ అంటారు. పేరు వింటే నరమాంస భక్షణలా ఉంటుంది గానీ మామూలు వ్యవహారమే, పైవాళ్లని అడిగి చేస్తే తప్పేం లేదు. అయితే పార్టు కదిలిందంటే దాని లాగ్ కార్డూ కదలాలి. ఎప్పుడు తయారైంది, ఎన్ని గంటలు ఎగిరింది, ఎప్పుడు ఓవర్‌హాల్ అయింది, దాని జాతకమంతా ఆ కార్డులోనే ఉంటుంది. రెండు విమానాల పుస్తకాల్లోనూ మార్పు పడాలి, ఒకదాంట్లో తీసినట్టు, ఇంకోదాంట్లో పెట్టినట్టు. నువ్వు చీకటి పడిందని ఒకదాంట్లో రాసి, రెండోది రేపటికి వదిలేశావనుకో. రేపు నీకు సెలవు. ఎల్లుండికి ఆ సంగతి తెలిసినవాడే అక్కడ ఉండడు. ముసలి పార్టు ఒకటి కుర్రదాని పేరుతో ఎగురుతూ ఉంటుంది.

రబ్బరు గొట్టాలూ సీళ్లూ చూడు, అలమరలో ఊరికే ఉన్నా వాటి వయసు తరిగిపోతూనే ఉంటుంది. ఈజెక్షన్ సీటు కార్ట్రిడ్జ్‌లూ అంతే. చూపుకి కొత్తగా మెరుస్తుంటాయి. వాటి గడువు కంటికి కనపడదు, కాగితంలోనే కనపడుతుంది.

బరువు సంగతీ మర్చిపోకు. విమానం అంటే కావడి లాంటిది. ముక్కులోంచి ఒక రేడియో పెట్టె తీసేస్తే బరువు వెనక్కి జరుగుతుంది. ఏ పరికరం ఎక్కడుందో, ఏది తీశారో రాసి ఉంటేనే ఆ తూకం లెక్క నిలబడుతుంది.

నేనేమైనా పుట్టుకతో బుద్ధిమంతుణ్ణా? ఒక సాయంత్రం పార్టు ఇచ్చి, క్యాంటీన్ మూసేస్తారని పరుగెత్తి, మర్నాడు గుర్తుతెచ్చుకుని రాశాను. సీరియల్ నంబర్లో రెండంకెలు అటుదిటు, ఇటుదటు అయ్యాయి. రెండు నెలల తర్వాత లేని పార్టు కోసం స్టోరంతా వెతికాం. ఉన్న పార్టు ఎవరిదో తేలక మంచి విమానం మూడు రోజులు నేల మీదే ఉంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అదృష్టం. మా సార్జెంట్ తిట్టలేదు కూడా. ఆ నంబరు నాచేత పదిసార్లు పైకి చదివించాడు, అంతే. ఇప్పటికీ నోటికి వస్తుంది.

"ఇప్పుడంతా కంప్యూటరే కదా బాబాయ్" అంటావు. ఉంది, స్టోర్స్ లెక్కలకి ఇమ్మోల్స్ అనే కంప్యూటర్ వ్యవస్థ వచ్చి చాలా సుఖపడ్డారు. కానీ దానికేం తెలుసు, నువ్వు కొట్టిందే అది చూపిస్తుంది. ఆ మధ్య, 2025లో, ఎయిర్ ఇండియా వాళ్ల సంగతి పేపర్లో చదివావా? పాత బోయింగ్ 737 ఒకటి కోల్‌కతా విమానాశ్రయంలో 13 ఏళ్లు పడి ఉంది. లెక్కల్లోంచి జారిపోయింది, అక్కడివాళ్లు తీసేయమని అడిగితేగానీ తమదని తెలియలేదట! అంత విమానమే జారిపోతే, నీ అరచేతిలో పట్టే పార్టు ఒక లెక్కా?

ఇంకొకటి, చెప్పాలని లేదు గానీ చెప్తున్నా. 2016 జులై 22న తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్తూ మన ఎయిర్‌ఫోర్స్ విమానం ఏఎన్-32 బంగాళాఖాతం మీద మాయమైంది. 29 మంది. అందులో 8 మంది మన విశాఖ నేవల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు. ఏడున్నరేళ్లకి, 2024 జనవరిలో, 3,400 మీటర్ల లోతున శకలాలు దొరికాయని ప్రకటించారు. అది రికార్డుల తప్పని నేననడం లేదు, అలా అనకూడదు. విమానం తిరిగి రాకపోతే మొట్టమొదట స్వాధీనం చేసుకునేవి కాగితాలే, ఆ సంగతి చెప్తున్నా. విమానం ఎగిరిపోతుంది, దాని ఫారం 700 నేల మీదే ఉంటుంది. ఎదురుచూసే ఇంటివాళ్లకి జవాబు చెప్పాల్సింది ఆ పుస్తకమే. అప్పుడు అందులో నీ గీత నిజం చెప్పాలి కదా నాన్నా.

అందుకే అడుగుతున్నా, పార్టు చేతిలో ఉండగానే నంబరు చదివి రాసెయ్యి. తప్పు రాస్తే కొట్టేసి పక్కన సంతకం పెట్టు, దిద్ది దాచకు. టూల్ ఒకటి కనపడకపోతే, విమానంలోనే ఉండిపోయిందేమో, నోరు విప్పి చెప్పు, తిట్లు తిను, విమానం ఆపించు.

ఇక లే, అన్నం తిని బయల్దేరు. దిగగానే అమ్మకి ఫోన్ చెయ్యి. జేబులో రెండు పెన్నులు పెట్టుకో, ఒకటి ఎవడో ఒకడు పట్టుకుపోతాడు.