బాలద్రవ్యం

ఉమ్మడి అనంతపురం జిల్లా వర్షచ్ఛాయా ప్రాంతంలో ఉండి, ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వానతోనే సరిపెట్టుకోవలసి రావడం వల్ల, శెనక్కాయ పంట దెబ్బతిన్న సంవత్సరాల్లో పెన్నా ఒడ్డునున్న రొద్దం నుంచీ, చుట్టుపక్కల పెనుకొండ, హిందూపురం, ధర్మవరం పల్లెల నుంచీ కుటుంబాలు బెంగళూరు కట్టడం పనులకు తరలిపోవడం దశాబ్దాలుగా సాగుతున్నది. ఈ వలసలో పిల్లల ఇష్టానికి చోటు లేదు. పెద్దలు మూట కడితే వారూ బయలుదేరవలసిందే. అటువంటి బిడ్డను కాపాడటం కన్నవారి ధర్మమా, విడిచిపోయిన ఊరి ధర్మమా, చేరిన నగరం ధర్మమా అన్నది పైకి కనిపించేంత సులువుగా తేలే ప్రశ్న కాదు.

ప్రాచీన ధర్మచింతన చాలావరకు స్థిరనివాసులను దృష్టిలో పెట్టుకుని సాగింది. దేశధర్మం, అంటే ఒక ప్రాంతంలో పాతుకుపోయిన ఆచారం, ఆ ప్రాంతపు మనిషినే గుర్తిస్తుంది. దాటిపోయేవానికి అతిథి అన్న స్థానం ఉన్నా, అది నాలుగు పూటల మర్యాదే గాని నాలుగు నెలల బడి కాదు. ఇక అనాథ అన్న మాటకు నాథుడు, అనగా రక్షకుడు, లేనివాడని అర్థం గనుక, తల్లిదండ్రులు పక్కనే ఇటుకలు మోస్తూ ఉన్న బిడ్డ ఆ మాట కిందికీ రాడు. కట్టడం పక్కన రేకుల షెడ్డులో, పాతచీరతో కట్టిన ఉయ్యాలలో తమ్ముణ్ణి ఊపుతూ కూర్చున్న ఎనిమిదేళ్ల పిల్లకు అమ్మానాన్నలు ఉన్నారు. లేనిది ఆమెను తమ లెక్కలోకి తీసుకునే చోటు.

కౌటిల్యుని అర్థశాస్త్రం ఇక్కడ అనుకోని వెలుగునిస్తుంది. బాలురను, వృద్ధులను, ఆపదలో ఉన్నవారిని, దిక్కులేనివారిని రాజు పోషించాలన్న నియమం అందులో రెండవ అధికరణంలోని జనపదనివేశం అనే మొదటి అధ్యాయంలో, అంటే జనాన్ని ఇతర ప్రాంతాల నుంచి రప్పించి కొత్త ఊళ్లు కట్టించే పద్ధతిని చెప్పే చోట, కనిపిస్తుంది. మనుషులను కదిలించి పని చేయించుకునే రాజ్యం వారి పిల్లల బాధ్యతను ఆ పనిలో భాగంగానే మోయాలని దీని నుంచి గ్రహించడం అన్యాయం కాదు. ఆ వెంటనే, బాలద్రవ్యాన్ని, అంటే మైనరు సొత్తును, అతడు వ్యవహారయోగ్యుడయ్యే వరకు గ్రామవృద్ధులు పెంచాలని కూడా ఆ గ్రంథం విధిస్తుంది. ఊరి పెద్దలకు ఇది కావలి పని మాత్రమే కాదు. సొత్తు వారి చేతుల్లో పెరగాలి కూడా.

అరెకరం మెట్ట కూడా లేని ఇంటి బిడ్డకు సొత్తేమిటని అడగవచ్చు. చదివిన తరగతులు, హాజరుపట్టీలో పేరు, టీసీ, రేషను కార్డులో లెక్క, ఇవే నేటి బాలద్రవ్యం. వీటిని ఊరి వైపు నుంచి కాపాడే ఏర్పాటు సీజనల్ హాస్టల్; తల్లిదండ్రులు పనికి వెళ్లిన నెలల్లో పిల్లలు సొంత ఊరి బడిలోనే చదువు సాగించేలా వసతి కల్పించే పద్ధతి అది. మంచిదే, కాని ఐదేళ్ల బిడ్డకు హాస్టలు కన్నా తల్లి ఒడే మేలు. అవ్వాతాతలు ఓపికున్నవాళ్లయితే సగం చిక్కు తీరుతుంది, ఓపిక లేనివాళ్లయితే వారిని చూసుకోవడం కూడా ఆ పిల్లల మీదే పడుతుంది.

నగరం వైపు బాధ్యతను 2009 నాటి విద్యాహక్కు చట్టం స్పష్టంగానే చెప్పింది. వలస కుటుంబాల పిల్లలను బడిలో చేర్పించడం స్థానిక సంస్థ విధి అని తొమ్మిదవ సెక్షనూ, టీసీ ఆలస్యమైందని చేర్చుకోవడం ఆపరాదని ఐదవ సెక్షనూ అంటాయి. అయితే తెలుగులో గుణింతాలు నేర్చిన బిడ్డ కన్నడ బడిలో కూర్చున్నప్పుడు, అక్షరాలు అక్కాచెల్లెళ్లలా ఉన్నా, పాఠం పరాయిదవుతుంది. చట్టం తలుపు తెరవగలదు గాని పక్కన కూర్చుని చదివించలేదు.

తలరాత అని సరిపెట్టుకునే ధోరణి ఒకటుంది. కర్మసిద్ధాంతం అనుభవించేవాని స్థితికి కారణం చెబుతుందేమో గాని, చూస్తూ నిలబడినవానికి సెలవు ఇవ్వదు. ఆ నిలబడటమూ కర్మే.

హిందూపురానికి దగ్గరలోని లేపాక్షి స్థలపురాణం ప్రకారం రెక్కలు తెగిన జటాయువు పడింది అక్కడే. వృద్ధుడైన ఆ పక్షి రావణుణ్ణి ఆపలేకపోయినా, సీతను ఎటు తీసుకుపోయాడో రామునికి చెప్పేదాకా ప్రాణం నిలుపుకుంది. బడి రిజిస్టరులో దీపావళి దాటాక ఒక పేరుకు ఎదురుగా వరుసగా గైర్హాజరు పడి, చివర వలస అని ఒక్క మాట రాసి ఉంటుంది. ఏ ఊరికి, ఏ బడికి అన్న గడి మాత్రం ఖాళీగా ఉంటుంది.