90 అడుగులు వెనక్కి



నువ్వు పంపిన సీగ్రామ్ బిల్డింగ్ ఫొటో అందింది. "నిలబెట్టిన నల్ల పెట్టెలా ఉంది, ఇందులో అంత గొప్పేముంది పెదనాన్నా?" అని అడిగావు. పెద్దది చేసుకుని చాలాసేపు చూశాను. 38 అంతస్తుల కంటే వాటి ముందున్న ఖాళీయే నన్ను ఎక్కువగా పట్టుకుంది. న్యూయార్క్ పార్క్ అవెన్యూలో అడుగు నేల కూడా ఎవరూ వదులుకోరు. అలాంటి చోట ఈ భవనం రోడ్డు నుంచి 90 అడుగులు వెనక్కి జరిగింది. ముందంతా గ్రానైట్ పరిచి, రెండు నీటి కొలనులు పెట్టి, దారిన పోయేవాళ్లకు విడిచిపెట్టింది.

న్యూయార్క్‌లో 1916 నాటి నిబంధన ఒకటుండేది. వీధిలోకి వెలుతురు దిగాలి కాబట్టి పైకి పోయేకొద్దీ భవనాన్ని మెట్లు మెట్లుగా లోపలికి తగ్గించాలి. అయితే స్థలంలో నాలుగోవంతు దాటకుండా కడితే టవర్‌ను ఎంత ఎత్తయినా తిన్నగా లేపుకోవచ్చు. చాలామంది స్థలమంతా నింపి పైన మెట్లు కట్టారు. ఈ భవనం గీసిన మీస్ వాన్ డెర్ రోహ్ రెండో దారి పట్టాడు. నువ్వు చూసిన ఆ తిన్నని నిలువు రేఖ నేల వదులుకున్నందువల్లే సాధ్యమైంది.

గాజు మధ్య నిలువుగా కనిపించే కమ్మీలు కంచువి. అవి బరువేమీ మోయవు. మోసే ఉక్కును అగ్నిప్రమాదాల భయంతో కాంక్రీటులో కప్పేయాల్సి వచ్చింది. లోపలి ఉక్కు రూపాన్ని అతను బయట కంచులో చూపించాడు. నిర్మాణంలో నిజాయితీ గురించి అంతగా చెప్పినవాడు చివరికి అలంకారమే చేశాడని తప్పుపట్టేవాళ్లున్నారు. నేను పట్టను. లోపల మోస్తున్నదాన్ని నలుగురికీ తెలియజెప్పడం అబద్ధమెలా అవుతుంది? పైగా ఆ కంచు పచ్చబారకుండా నూనె పట్టించి తుడుస్తూనే ఉండాలి. అంత శ్రద్ధ కోరే వస్తువును కావాలని ఎంచుకున్నారు చూడు, ఆ ఎంపిక నాకు నచ్చింది.

ఇక నీ ఉత్తరంలో నన్ను బాధపెట్టిన మాట: "మా ఆఫీసులో నా మాట ఎవరు వింటారు?" అన్నావు. ఫిలిస్ లాంబర్ట్ గురించి నీకు తెలియాలి. ఆమె తండ్రి శామ్యూల్ బ్రాన్ఫ్‌మన్ సీగ్రామ్ మద్యం కంపెనీ అధిపతి. ఆ వ్యాపారం మీద నాకు గౌరవం లేదు, ఆ కూతురి మీద ఉంది. 1954లో, 27 ఏళ్ల వయసులో, పారిస్‌లో ఉండగా తండ్రి కట్టించబోయే భవనం నమూనా చూసింది. వద్దు, వద్దు, వద్దు అంటూ మొదలుపెట్టి తండ్రికి ఎనిమిది పేజీల ఉత్తరం రాసింది. భవనం కట్టేవాడికి అందులో పనిచేసేవాళ్ల పట్లే కాదు, మిగతా అందరి పట్ల కూడా బాధ్యత ఉంటుందన్నది ఆమె వాదన. ఇంటికొచ్చి కింది అంతస్తుకు చలువరాయి ఎంచిపెట్టమన్నాడట తండ్రి! ఆమె దానితో తృప్తిపడలేదు. ఆర్కిటెక్టులను ఒక్కొక్కరినీ కలిసి, మీస్‌ను ఎంచి, 1958లో పని పూర్తయ్యేదాకా ప్రణాళికా బాధ్యత తనే మోసింది.

వద్దన్నవాళ్లు లోకంలో చాలామందే ఉంటారమ్మా. వద్దన్నాక ఏళ్ల తరబడి ఆ పనిలోనే నిలబడినవాళ్లు కొద్దిమంది. ఆమెలో నువ్వు చూడాల్సింది అదే.

ఇంకోటి కూడా చెప్పాలి. 1961లో నగరం నిబంధన మార్చి, ముందు ఖాళీ స్థలం వదిలేవాళ్లకు అదనపు అంతస్తులు ఇచ్చింది. చాలామంది వదిలారు. చాలాచోట్ల కూర్చోవడానికి గట్టు లేదు, నీడ లేదు. 1970లలో విలియం వైట్ అనే ఆయన ఇలాంటి చోట్లు తిరిగి, ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారో ఓపికగా గమనించాడు. సీగ్రామ్ ముందు మాత్రం మెట్ల మీద, గట్ల మీద జనం కూర్చునేవాళ్లు. లెక్క కోసం వదిలిన నేల మనిషిని పిలవదు.

మీ ఆఫీసులో గీస్తున్న బడి నమూనాలో పిల్లల ఆటస్థలం కార్ల పార్కింగ్‌కు పోతోందని రాశావు. దాని గురించి నాకు రాస్తే ఏం లాభం? మీ పెద్దవాళ్లకు రాయి. పిల్లలెందరు, విరామంలో ఎక్కడ నిలబడతారు, కార్లను ఇంకెక్కడ సర్దవచ్చు, అన్నీ వివరంగా రాయి. "అయితే నువ్వే గీసి చూపించు" అంటారు. అందుకని ముందే ఒక డ్రాయింగ్ గీసి దగ్గర పెట్టుకో. టెండరు దాకా పోతే మార్చడం కష్టం, ఈ వారంలోనే ఆ పని చెయ్యి. గీసింది నాకూ పంపు, కొలతలు ఒకసారి చూస్తాను.

పెద్దమ్మ అడిగానని చెప్పమంది.

నీ
పెదనాన్న